గుద్దింది వాడు, క్లెయిమ్ నాదా?

పాఠకుల ప్రశ్నలు: కారు ఇన్సూరెన్స్

కారు ఇన్సూరెన్స్ మీద ప్రశ్నలు పంపమన్నాం గానీ ఇన్ని వస్తాయనుకోలేదు. సగం ఉత్తరాల్లో ఒకటే బాధ: ప్రీమియం కట్టించుకునేటప్పుడు నవ్వుతూ మాట్లాడారు, డబ్బులు అడిగితే ఫోన్ ఎత్తట్లేదు. ఇరవై ఏళ్లకు పైగా క్లెయిముల్లో నష్టం లెక్కగట్టే సర్వేయర్‌గా కార్ల కింద దూరి చూసినవాణ్ని కాబట్టి నాకు రెండు వైపులా తెలుసు. కంపెనీల తప్పులు లేవనను. కానీ నా చేతుల మీదుగా పోయిన క్లెయిముల్లో ఎక్కువ చెడిపోయింది గుద్దుకోవడం వల్ల కాదు, ఆ తర్వాత మనవాళ్లు తొందరపడి చేసిన పనులూ చెప్పిన మాటల వల్లే. కింద ఉత్తరాలు చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: సార్, హైదరాబాద్ నుంచి ఖమ్మం వస్తూ కొర్లపహాడ్ టోల్‌ప్లాజా ముందు క్యూలో ఆగి ఉన్నాం. వెనక నుంచి లారీ వచ్చి గుద్దింది, డిక్కీ మొత్తం లోపలికి పోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. లారీ డ్రైవర్ కాళ్లావేళ్లా పడి 5,000 చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఎస్టిమేట్ చూస్తే లక్ష దాటింది. ఏజెంట్‌ని అడిగితే మీ పాలసీ మీదే క్లెయిమ్ పెట్టుకోండి అంటున్నాడు. తప్పు వాడిదైతే నా నో క్లెయిమ్ బోనస్ ఎందుకు పోవాలి? (ఓ పాఠకుడు, ఖమ్మం)

జవాబు: మీ కోపం న్యాయమే, కానీ ఏజెంట్ చెప్పిందీ నిజమే. లారీకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటుంది, దాని కింద మీ ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాకా వాళ్ల కంపెనీ కట్టాలి. కాకపోతే నేరుగా ఆ కంపెనీకి ఫోన్ చేసి నా డిక్కీ పోయింది డబ్బులివ్వండి అంటే ఇవ్వరు. యాక్సిడెంట్ జరిగిన 6 నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి (మీరు ఖమ్మంలోనే వేసుకోవచ్చు, ప్రమాదం జరిగిన నల్గొండ జిల్లాకి తిరగక్కర్లేదు), లారీ డ్రైవర్ తప్పని చూపించాలి, లాయర్‌ని పెట్టుకోవాలి, వాయిదాలకు తిరగాలి. మనుషులకు దెబ్బలు తగిలినప్పుడు ఆ దారి తప్పదు. డిక్కీ కోసమైతే, నన్నడిగితే, ఆ తిరుగుడు దండగ. మీ పాలసీలో ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టానికి కవర్) ఉంటే మీ కంపెనీ దగ్గరే తీసుకోండి, కావాలంటే ఆ లారీ మీద వాళ్లు వసూలు చేసుకుంటారు. ఒకే నష్టానికి రెండు చోట్లా డబ్బు మాత్రం రాదు.

బోనస్ సంగతంటారా, క్లెయిమ్ చేయని ఏడాదులకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు అది. తప్పు ఎవరిదని అది చూడదు, మీరు క్లెయిమ్ తీసుకున్నారా లేదా అన్నదే చూస్తుంది. ఇది అన్యాయమని నాకూ అనిపిస్తుంది కానీ పాలసీ అలాగే రాసి ఉంది.

ఇక ఆ 5,000 సంగతి. రోడ్డు మీద రాజీ పడి ఏదైనా కాగితం మీద సంతకం పెట్టారా? పెట్టకపోతే పర్లేదు. పెట్టి ఉంటే దాని ఫోటో సర్వేయర్‌కి చూపించండి, డబ్బు తీసుకున్న సంగతి కూడా చెప్పండి. ఎందుకంటే "ఇక నాకేమీ రావాల్సింది లేదు" అని మీరు రాసిచ్చాక మీ కంపెనీ వెళ్లి లారీ వాడిని ఏమని అడుగుతుంది? అలాగే తప్పు మీదైనప్పుడు కూడా కంపెనీకి చెప్పకుండా ఎదుటివాడికి ఇంత ఇస్తానని మాట ఇవ్వొద్దు, పాలసీ షరతుల్లోనే ఉంటుంది ఆ ముక్క.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఏమిటంటే, ఇప్పటిదాకా చెప్పకపోతే ఈ పూటే కంపెనీ యాప్‌లోనో టోల్‌ఫ్రీకో క్లెయిమ్ నమోదు చేసి నంబర్ తీసుకోండి. రెండు రోజులు ఆలస్యమైందని భయపడొద్దు, సరైన కారణం ఉంటే ఒక్క ఆలస్యాన్ని పట్టుకుని క్లెయిమ్ కొట్టేయొద్దని ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల నియంత్రణ సంస్థ) 2011లోనే కంపెనీలకు చెప్పింది. 2024 నిబంధనల ప్రకారం మీరు చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ని కేటాయించాలి, ఆయన 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. సర్వేయర్ చూసేదాకా షెడ్డులో ఒక్క బోల్టు కూడా విప్పనివ్వొద్దు. మన మెకానిక్‌లకు చేతులు ఊరుకోవు, "ఈలోపు డిక్కీ ఊడదీసి పెడతా అన్నా" అంటారు, అక్కడే వస్తుంది తంటా. విప్పాక లోపల ఇంకో దెబ్బ కనపడితే పని ఆపించి సర్వేయర్‌ని మళ్లీ పిలవండి. తీసేసిన పాత పార్టులు లెక్క తేలేదాకా పారేయొద్దు.

కంపెనీ నెట్‌వర్క్ గ్యారేజీలో పెడితే క్యాష్‌లెస్, మీ వాటా కట్టి బండి తెచ్చుకుంటారు. మీకు నమ్మకమైన షెడ్డులోనే చేయించుకుంటానంటే ముందు మొత్తం మీరు కట్టి, బిల్లులు ఇచ్చి తర్వాత తీసుకోవాలి. క్రేన్‌తో లాగించిన బిల్లు కూడా దాచండి, మామూలు పాలసీలోనే దానికి 1,500 దాకా వస్తుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు కాబట్టి సొంత డ్యామేజీకి చాలా కంపెనీలు ఎఫ్‌ఐఆర్ అడగవు. అయినా స్టేషన్‌లో లారీ నంబరుతో ఒక ఫిర్యాదు ఇచ్చి ఉంచండి, ముందు ముందు పనికొస్తుంది.

హైవే మీద తిరిగేవాళ్లందరికీ ఇంకో మాట. బండి పక్కకు తీసే ముందు నాలుగు వైపుల నుంచీ, నంబర్ ప్లేట్లు కనపడేలా ఫోటోలు తీయండి. ఆ తర్వాత మాత్రం నడి రోడ్డు మీద నిలబడి గొడవ పడకండి, రెండో బండి వచ్చి గుద్దేది అప్పుడే. జాతీయ రహదారి మీదైతే సాయానికి 1033.

ప్రశ్న: మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు, ఎల్‌ఎల్‌ఆర్ ఉంది. నేను పక్క సీట్లో కూర్చుని నేర్పిస్తుంటే కరెంటు స్తంభానికి గుద్దాడు. నాకు పాతికేళ్ల లైసెన్సు ఉంది, ఏజెంటేమో "నేనే నడిపానని రాసేయండి, పని తేలికైపోతుంది" అంటున్నాడు. రాయొచ్చా? (రాజమండ్రి పాఠకుడు)

జవాబు: రాయొద్దు. ఎందుకు వద్దో తెలిస్తే మీరే నవ్వుకుంటారు. మీ పాలసీలో డ్రైవర్ క్లాజ్ అని ఒకటుంటుంది, తీసి చదవండి. లెర్నర్ లైసెన్సు ఉన్నవాళ్లు కూడా నడపొచ్చు, మోటారు వాహనాల నిబంధనల్లో 3వ రూల్ పాటిస్తే చాలు అని ఉంటుంది. ఆ రూల్ ఏమంటుందంటే పక్కన లైసెన్సున్న మనిషి బండి ఆపగలిగేలా కూర్చోవాలి, ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. పక్కన మీరున్నారు. అంటే నిజం చెబితే వచ్చే క్లెయిముని అబద్ధం చెప్పి పోగొట్టుకోబోతున్నారన్నమాట! ఎల్ బోర్డు పెట్టలేదా? అయితే కంపెనీ దాని మీద కొర్రీ వేయొచ్చు, అది వాదించుకోవచ్చు. కానీ డ్రైవర్ పేరు మార్చి దొరికిపోతే వాదించడానికి ఏమీ మిగలదు.

దొరకం అనుకుంటారు. నా దగ్గరికి ఒకసారి ఆరడుగుల పెద్దమనిషి వచ్చి నేనే నడిపానన్నాడు. కారు దగ్గరికి వెళ్లి చూస్తే డ్రైవర్ సీటు స్టీరింగ్‌కి ఆనుకునేంత ముందుకి జరిపి ఉంది. ఒకసారి కూర్చోండి సార్ అన్నాను, కాళ్లు లోపలికి పట్టలేదు. ఆ తర్వాత ఆయన ఏం మాట్లాడలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడైతే టోల్‌గేట్ కెమెరాలు, వీధి కెమెరాలు, ఆస్పత్రి చీటీలు, వాట్సాప్ స్టేటస్‌లు కూడా ఉన్నాయి.

ఆ స్తంభం విరిగి కరెంటు వాళ్లు డబ్బు కట్టమంటే మీ జేబులోంచి తీయకండి. అది థర్డ్ పార్టీ ఆస్తి నష్టం, వాళ్ల నోటీసు కంపెనీకి పంపండి.

ప్రశ్న: కాంప్రహెన్సివ్ పాలసీ (ఓన్ డ్యామేజ్, థర్డ్ పార్టీ రెండూ ఉన్నది), పూర్తిగా వస్తుందన్నారు. బిల్లు 68,000 అయితే 47,650 మాత్రమే ఇచ్చారు. మిగతా డబ్బు ఎవరు తిన్నారు? (హనుమకొండ పాఠకురాలు)

జవాబు: ఎవరూ తినలేదమ్మా, అరుగుదల తిన్నది. మీరు బిల్లు కాపీ పంపడం మంచిదైంది, లెక్క చెబుతాను. మీ కారుకి నాలుగేళ్లు దాటాయి, అయిదు నిండలేదు. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్ల మీద కారు వయసుతో పని లేకుండా సగం కోస్తారు. కాబట్టి 9,000 బంపర్‌లో 4,500, 12,000 హెడ్‌లైట్లలో 6,000 పోయాయి. ఇనుప పార్టులకు వయసుని బట్టి కోత, మొదటి 6 నెలలు ఏమీ ఉండదు, మీ కారు వయసుకి 35 శాతం, పదేళ్లు దాటితే సగం. బానెట్, ఫెండర్ కలిపి 16,000, అందులో 5,600 పోయింది. అద్దానికి కోత లేదు, 8,000 మొత్తం ఇచ్చారు. లేబర్ 11,000 కూడా మొత్తం ఇచ్చారు. పెయింటింగ్ 10,000లో పావు వంతు రంగు ఖరీదుగా లెక్కేసి అందులో సగం, అంటే 1,250 తీశారు. కూలెంట్, ఆయిల్, క్లిప్పులు, నట్లు 2,000, ఇవి మామూలు పాలసీలో రావు. ఆఖరున 1,500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిములోనూ మీరు భరించాల్సిన 1,000. కూడితే 20,350. సర్వేయర్ లెక్క సరిగ్గానే ఉంది.

వచ్చే ఏడాది రెన్యువల్‌లో జీరో డెప్ (అరుగుదల కోత లేని యాడ్ఆన్, అంటే అదనంగా కొనే కవర్) తీసుకోండి, మనవాళ్లు బంపర్ టు బంపర్ అంటారు చూడండి, అదే. దానితో పాటు కన్స్యూమబుల్స్ (ఆయిల్, నట్ల లాంటివి) యాడ్ఆన్ కూడా ఉండి ఉంటే మీ చేతి నుంచి పడేది ఆ 1,000 మాత్రమే. కాకపోతే ఏడాదికి ఎన్ని క్లెయిములకు వర్తిస్తుందో అడగండి, కొన్ని కంపెనీలు రెండుతో ఆపేస్తాయి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పిల్లర్‌కి రాసుకుని డోర్ సొట్ట పోయింది. టింకరింగ్, పెయింటింగ్ 7,500 అంటున్నారు. క్లెయిమ్ చేయనా? ఇప్పుడు నాకు 35 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తోంది. (విశాఖ)

జవాబు: చేయకండి. లెక్క సులువుగా ఉండడానికి మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం బోనస్ తీయకముందు ఏటా 10,000 అనుకుందాం (బోనస్ దీని మీదే, థర్డ్ పార్టీ ప్రీమియం మీద రాదు). క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడాది 45 శాతం, ఆ తర్వాత నుంచి 50. కట్టేది 5,500, తర్వాత ఏటా 5,000. ఇప్పుడు క్లెయిమ్ చేస్తే బోనస్ సున్నాకి పడి మళ్లీ 20, 25, 35, 45 అని మెట్లెక్కాలి. కట్టేది వరసగా 10,000, 8,000, 7,500, 6,500, 5,500. అయిదేళ్లలో తేడా 12,000. 7,500 పని కోసం, అందులోనూ 1,000 మీదే పోగా, 12,000 వదులుకుంటారా? కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి తేడా కాస్త తగ్గుతుంది, అయినా మీ కేసులో లాభం లేదు. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్ఆన్ (క్లెయిమ్ చేసినా నో క్లెయిమ్ బోనస్ పోకుండా కాపాడేది) ఉంటే మాత్రం వేరే సంగతి, పాలసీ కాగితం చూసుకోండి.

ప్రశ్న: ఇది యాక్సిడెంట్ కాదు గానీ అడుగుతున్నా. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు మా కారు మునిగింది. నీళ్లు తగ్గాక స్టార్ట్ చేసి చూశాం, పట్టేసింది. సీట్లకు, వైరింగ్‌కు ఇచ్చారు గానీ ఇంజిన్‌కు ఇవ్వలేదు. (సింగ్‌నగర్, విజయవాడ)

జవాబు: ఆ ఒక్క తాళం తిప్పడమే మీ కొంప ముంచింది. వరద నష్టం కాంప్రహెన్సివ్ పాలసీలో ఉన్నదే. కానీ సిలిండర్లలో నీళ్లుండగా స్టార్ట్ చేస్తే పిస్టన్ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అది వరద చేసింది కాదు మీరు చేసింది అంటుంది కంపెనీ. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ ఉంటే అడగొచ్చు. లేకపోతే కష్టమే, అబద్ధపు ఆశ పెట్టను. వాగుల పక్కన, చెరువు కింద ఇళ్లున్నవాళ్లు ఈ యాడ్ఆన్ తీసుకోండి. బండి మునిగితే బ్యాటరీ వైరు తీసి, నీటి మట్టం ఎక్కడిదాకా వచ్చిందో ఫోటో తీసి, క్రేన్ మీదే షెడ్డుకి పంపండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు కొని రెండు నెలలైంది. ఆర్సీ నా పేరు మీదికి వచ్చింది, ఇన్సూరెన్స్ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంది. మొన్న గుద్దుకుంది. (కర్నూలు)

జవాబు: ఇదో పెద్ద గొయ్యి, చాలామంది పడుతున్నారు. మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి పాలసీ దానంతటదే మీకు మారినట్టు లెక్క. మీ సొంత కారు రిపేరుకు మాత్రం అలా కాదు, బండి చేతులు మారిన 14 రోజుల్లో మీరు కంపెనీకి రాసి పాలసీ మీ పేరు మీదికి మార్పించుకోవాలి. మీరు చేయలేదు, పాత ఓనర్‌కేమో ఆ కారుతో సంబంధం లేదు. అడిగి చూడండి గానీ రాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఎదుటివాళ్లకు దెబ్బలు తగిలి ఉంటే భయపడకండి, ఆ భాగం కంపెనీదే. పేరు మార్పించేటప్పుడు పాత ఓనర్ బోనస్ మీకు రాదని కూడా గుర్తుంచుకోండి. అది మనిషిది, బండిది కాదు.

ప్రశ్న: అన్నా, నేను డాలస్‌లో ఉంటాను. గుంటూరులో కారు నా పేరు మీద ఉంది, నాన్న నడుపుతారు. నాన్నకేమైనా అయితే పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ ఉంది కదా?

జవాబు: లేదు తమ్ముడూ. ఆ 15 లక్షలు ఓనర్ డ్రైవర్‌కి, అంటే ఆర్సీ మీద పేరున్న నీకు. అదీ నీకు చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే. కారు రిపేరుకి ఇబ్బంది లేదు, లైసెన్సుండి నీ అనుమతితో ఎవరు నడిపినా వస్తుంది, నువ్వు మెయిల్‌లో ఒక ఆథరైజేషన్ లెటర్ పంపితే చాలావరకు పని జరిగిపోతుంది. కానీ నాన్న తన పొరపాటు వల్లే దెబ్బ తగిలించుకుంటే ఈ పాలసీలో ఆయనకు దాదాపు ఏమీ లేదు. రెండు దారులు. ఒకటి, కారు నాన్న పేరు మీదికే మార్చేయడం, నన్నడిగితే ఇదే మేలు. రెండు, ఆయన పేరు మీద విడిగా యాక్సిడెంట్ పాలసీ తీసుకోవడం. ఏ దారైనా సరే, పండక్కి వచ్చినప్పుడు చూద్దాంలే అనుకోకు.

ప్రశ్న: నా సొంత కారు స్నేహితుడి కుటుంబం తిరుపతి వెళ్తామంటే ఇచ్చాను. డీజిల్ కాక 4,000 ఇచ్చారు. దారిలో బోల్తా పడింది, దేవుడి దయవల్ల అందరూ బాగున్నారు. సర్వేయర్ అడిగితే మావాడు "కిరాయికి తెచ్చుకున్నాం" అన్నాడట. క్లెయిమ్ మొత్తం కొట్టేశారు. ఇంక అంతేనా? (నిజామాబాద్)

జవాబు: మీ స్నేహితుడు నిజం చెప్పాడు, ఆయన్ని తిట్టకండి. తెల్ల నంబర్ ప్లేటు కారుని డబ్బు తీసుకుని ఇవ్వడం పాలసీ షరతుకి విరుద్ధమే, అది ఒప్పుకోవాలి. కానీ మొత్తం కొట్టేయడం మీద మాట్లాడొచ్చు. సరిగ్గా ఇలాంటిదే, సొంత కారు కిరాయికి ఇచ్చిన కేసులో 2010లో సుప్రీంకోర్టు పూర్తిగా నిరాకరించడం తప్పని, నాన్ స్టాండర్డ్ పద్ధతిలో (షరతు తప్పినా కొంత కోసి ఇవ్వడం) 75 శాతం దాకా ఇవ్వొచ్చన్న మార్గదర్శకాలను ఎత్తిచూపి డబ్బు ఇప్పించింది. అమలేందు సాహూ కేసు అంటారు దాన్ని. అందరికీ 75 వస్తుందని కాదు, కానీ ఆ తీర్పు పేరు రాసి అడిగితే ఫైల్ మళ్లీ తెరిచే అవకాశం ఉంది.

ముందు కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి మెయిల్ పెట్టండి, ఫోన్లో మాట్లాడిన మాటకి విలువ లేదు. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయొచ్చు, లేదా 155255కి చేయొచ్చు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (పాలసీదారులకీ కంపెనీలకీ మధ్య గొడవలు తేల్చే అధికారి) ఆఫీసుంది, తెలంగాణకీ ఆంధ్రాకీ అదే. 50 లక్షల లోపు గొడవలు వింటారు, ఫీజు లేదు, లాయర్‌ని అసలు రానివ్వరు. కంపెనీ ఆఖరి తిరస్కరణ వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడ తీర్పు మీకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్ దారి అప్పటికీ ఉంటుంది, కంపెనీ మాత్రం ఆ తీర్పుకి కట్టుబడాల్సిందే.

వెళ్లేటప్పుడు తిరస్కరణ లెటర్, పాలసీ, సర్వే రిపోర్టు కాపీ తీసుకెళ్లండి. సర్వే రిపోర్టు మీరు అడిగితే కంపెనీ ఇవ్వాలి, చాలామంది అడగరు. ఆ 4,000 సంగతి అక్కడ ఎవరైనా అడిగితే తీసుకున్నానని చెప్పేయండి.